ఎసెక్స్ మునిగాక: గాలి, నీళ్లు, రేఖాంశం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకు మ్యాపు కనబడుతోందా? కనబడకపోతే మొహమాటపడకుండా ముందుకు వచ్చి కూర్చోండి. ఇవాళ మనకు కథ కన్నా మ్యాపుతోనే ఎక్కువ పని.

ఎసెక్స్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. తిమింగలం గుద్ది ముంచేసిన అమెరికన్ వేట ఓడ. ఈ ఓడ గురించి చెప్పేవాళ్లు సాధారణంగా ఆ గుద్దుడు దగ్గరే సగం సమయం గడిపేస్తారు. తప్పులేదు, భయంకరమైన ఘట్టమే. కానీ అదంతా పది నిముషాల వ్యవహారం. ఆ పది నిముషాల్లో ఎంతమంది చనిపోయారో చెప్పండి? ఒక్కరు కూడా లేదు. ఇరవై మంది ఉన్నారు, ఇరవై మందీ పడవల్లోకి దిగారు. చివరికి మిగిలింది ఎనిమిది మంది. మరి ఆ పన్నెండు మంది ఎందుకు పోయారు? నేను మాట్లాడబోయేది అంతా దీని గురించే.

ఓడ గురించి నాలుగు ముక్కలు చెప్పేసి ముందుకు వెళ్దాం. 1799లో కట్టిన ఓడ, పొడవు 87 అడుగులు, 238 టన్నులు. అమెరికా తూర్పు తీరంలో నాంటకెట్ అని చిన్న ద్వీపం ఉంది. ఆ ఊరి బతుకంతా స్పెర్మ్ తిమింగలం నూనె మీదే. ఇళ్లలో, వీధుల్లో దీపాలకు ఆ నూనే. దగ్గరి సముద్రంలో తిమింగలాలు కరువై, దక్షిణ అమెరికా కొస చుట్టి పసిఫిక్‌లోకి రెండు మూడేళ్ల ప్రయాణానికి వెళ్లాల్సిన పరిస్థితి వచ్చింది. 1819 ఆగస్టు 12న ఎసెక్స్ బయల్దేరింది. కెప్టెన్ జార్జ్ పొలార్డ్‌కు ముప్పై కూడా నిండలేదు. మొదటి మేట్, అంటే కెప్టెన్ తర్వాతి అధికారి, ఓవెన్ చేజ్ ఇంకా చిన్నవాడు, ఇరవై మూడు దాటలేదు. రెండో మేట్ మాథ్యూ జాయ్. కేబిన్ కుర్రాడు థామస్ నికర్సన్‌కు పద్నాలుగేళ్లు. ఈ వయసులు గుర్తుపెట్టుకోండి. కెప్టెన్ మాట మేట్ల ముందు ఎందుకు నిలవలేదో తర్వాత అర్థమవుతుంది.

1820 నవంబర్ 20. భూమధ్యరేఖకు కొంచెం కింద, 119 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర. ఇదిగో, ఈ ఎర్ర చుక్క. చుట్టూ ఏముంది? ఏమీ లేదు. వేట పడవలు దిగాయి. ఒక తిమింగలం తోకతో కొట్టి చేజ్ పడవకు చిల్లుపెట్టింది. అతను దాన్ని బాగుచేసుకోవడానికి ఓడ మీదికి తిరిగొచ్చాడు. పొలార్డ్, జాయ్ దూరంగా వేటలో ఉన్నారు. అప్పుడు ఒక మగ స్పెర్మ్ తిమింగలం వచ్చి తలతో గుద్దింది. చేజ్ అంచనా ప్రకారం దాని పొడవు 85 అడుగులు. మళ్లీ తిరిగి వచ్చి ముందుభాగంలో రెండోసారి గుద్దింది. ఓడ పక్కకు ఒరిగిపోయింది.

ఇక్కడ ఒక మనిషి పేరు చెప్పాలి, విలియం బాండ్. నల్లజాతి స్టివార్డు. ఓడ మునుగుతుంటే నీళ్లు నిండుతున్న కేబిన్‌లోకి దిగి సూర్యుడి ఎత్తు కొలిచే క్వాడ్రంట్లు రెండు, నౌకాయాన పట్టికల పుస్తకాలు రెండు, కెప్టెన్ పెట్టె, మేట్ పెట్టె బయటికి తెచ్చాడు. రెండు దిక్సూచులు కూడా దక్కాయి. ఇవి లేకపోతే ఈ కథ చెప్పడానికి ఎవరూ మిగిలేవారు కాదు. బాండ్ మాత్రం మిగల్లేదు.

ఒరిగిన ఓడ వెంటనే అడుక్కు పోలేదు. స్తంభాలు నరికేశారు, దాంతో కాస్త నిటారుగా లేచింది. డెక్కుకు కంతలు కొట్టి లోపల ఉన్నవి లాగారు. 600 పౌన్ల గట్టి బిస్కెట్టు. పడవకు సుమారు 65 గ్యాలన్ల చొప్పున మంచినీళ్లు. గాలాపగోస్ ద్వీపాల నుంచి తెచ్చిన బతికున్న తాబేళ్లు, పడవకు రెండు. ఒక తుపాకీ, కాస్త తుపాకీ మందు, కొన్ని పనిముట్లు, కొద్దిగా మేకులు. తాబేళ్లు ఎందుకు అంటారా? ఆ తాబేళ్లు తిండీ నీళ్లూ లేకుండా ఓడ అడుగున నెలల తరబడి బతుకుతాయి. వేటగాళ్లకు అదే తాజా మాంసం నిల్వ.

ఇప్పుడు ఆ పడవలు చూద్దాం. వేల్‌బోట్ అంటే దాదాపు 25 అడుగుల పొడవు, రెండు కొసలూ మొనదేలి ఉంటాయి. అర అంగుళం మందం దేవదారు పలకలు ఒకదాని అంచు మీద ఒకటి వేసి కడతారు. తిమింగలం వెంట వేగంగా తెడ్లు వేయడానికి పుట్టిన పడవ, అందుకే అంత తేలిక. అడుగున నీళ్లలోకి దిగి పడవను పక్కకు జారకుండా ఆపే లోతైన కీల్ లేదు. అంటే పక్కగాలికి తెరచాప ఎత్తితే ముందుకు ఎంత పోతుందో పక్కకీ అంత జారుతుంది. మన తీరంలో తెప్ప నడిపేవాళ్లకు ఈ విషయం ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాంటి పడవలో ఆరేడుగురు మనుషులు, 250 కిలోల దాకా నీళ్లు, 90 కిలోల బిస్కెట్టు. బరువుకు అంచు నీటికి దగ్గరపడింది. ఓడ పలకలు ఊడదీసి అంచులు ఆరంగుళాల దాకా పెంచారు. ఓడ తెరచాపలు కత్తిరించి ఒక్కో పడవకు రెండు చిన్న స్తంభాలు, రెండు తెరచాపలు, ముందు ఒక చిన్న తెర అమర్చారు. చేజ్ పడవ పాతది, అతుకులది, కాబట్టి అందులో ఆరుగురు. మిగతా రెండింట్లో ఏడుగురు చొప్పున.

ఒక చిక్కు ఇక్కడే మొదలైంది. పడవలు మూడు, క్వాడ్రంట్లు రెండు, దిక్సూచులు రెండు. పొలార్డ్‌కు ఒక జత, చేజ్‌కు ఒక జత. జాయ్ పడవకు ఏమీ లేదు. అంటే ఆ పడవ మిగతావాటిని అంటిపెట్టుకుని ఉండాల్సిందే. ఒకటి వెనకబడితే మిగతావి తెర దించి ఆగాలి, రాత్రిళ్లు లాంతరు చూపించుకోవాలి. కలిసి ఉండడం ధైర్యమే, కాదనను. కానీ దానికి రోజూ కొన్ని మైళ్లు ఖర్చవుతాయి.

ఎటు పోవాలి?

సరే, పడవలు సిద్ధం. ఎటు? ఇప్పుడు మ్యాపు చూడండి. పడమర, కొంచెం దక్షిణంగా మార్కెసాస్ ద్వీపాలు, దాదాపు 1,300 నాటికల్ మైళ్లు. ఇంకా ముందుకు పోతే తాహితి ఉన్న సొసైటీ ద్వీపాలు, దాదాపు 2,000. తూర్పున దక్షిణ అమెరికా, 2,000 పైచిలుకు. వాయవ్యంలో హవాయి ఉంది కానీ అది తుఫాన్ల కాలమని వదిలేశారు.

అక్కడ గాలి ఎటు వీస్తుంది? ఆగ్నేయ వ్యాపార పవనాలు, ఏడాది పొడుగునా ఆగ్నేయం నుంచి వాయవ్యానికి. ప్రవాహం కూడా పడమటికే. అంటే మార్కెసాస్‌కు, తాహితికి గాలీ నీరూ వెనకనుంచి తోస్తాయి. రోజుకు 60 మైళ్లు వేసుకున్నా మార్కెసాస్ మూడు వారాల ప్రయాణం. తూర్పున ఉన్న తీరానికి మాత్రం ముక్కుకు సూటిగా ఎదురుగాలి.

పొలార్డ్ సొసైటీ ద్వీపాలు అన్నాడు. సరైన మాటే. చేజ్, జాయ్ ఒప్పుకోలేదు. ఆ ద్వీపాల్లో మనుషుల్ని తినేవాళ్లు ఉంటారని భయం. కెప్టెన్ తగ్గిపోయాడు. నిజానికి తాహితిలో 1797 నుంచి ఇంగ్లీషు మిషనరీలు కాపురం ఉంటున్నారు. అక్కడికి చేరితే అన్నం, నీళ్లు, ఇంటికి ఓడ, అన్నీ ఉండేవి. వీళ్ల దగ్గర ఆ సమాచారం లేదు. ఉన్నది వదంతులు.

మరి ఎదురుగాలిలో అమెరికాకు ఎలా వెళ్తారు? వాళ్ల పథకం చూడండి, తెలివితక్కువది కాదు. ముందు దక్షిణంగా 25, 26 డిగ్రీల దాకా దిగాలి. అక్కడ వ్యాపార పవనాల పట్టు వదులుతుంది, గాలి దిక్కు మారుతూ ఉంటుంది. ఆ గాలి పట్టుకుని తూర్పుకు తిరగాలి. దిగడానికి 26 రోజులు, తూర్పుకు ఇంకో 30. మొత్తం 56. తిండి 60 రోజులకు సరిపెడదాం అన్నారు. నాలుగే రోజుల వెసులుబాటు!

కాగితం మీద బాగానే ఉంది. కానీ గాలి ఆగ్నేయం నుంచి వస్తుంటే, కీల్ లేని పడవ దక్షిణానికి ముక్కుపెట్టినా ఎటు పోతుంది? నైరుతికి జారుతుంది. సరిగ్గా అదే జరిగింది. డిసెంబర్ 20న, అంటే దాదాపు నెల తర్వాత, నేల కనబడింది. హెండర్సన్ ద్వీపం. దాని రేఖాంశం ఎంత? 128 డిగ్రీల పశ్చిమం. బయల్దేరింది 119 దగ్గర. నెల్లాళ్లు చచ్చీచెడీ ప్రయాణం చేసి, చేరాల్సిన తీరానికి దాదాపు 500 మైళ్లు ఇంకా దూరమయ్యారు! దక్షిణంగా దిగిన మాట నిజం, 24 డిగ్రీల దాకా వచ్చారు. కానీ నాలుగు రోజుల వెసులుబాటు పెట్టుకున్నవాడు 500 మైళ్ల బాకీ ఎలా తీరుస్తాడు?

ఉప్పు బిస్కెట్టు, పీపాలో నీళ్లు

తిండి సంగతికి వద్దాం. 600 పౌన్లను ఇరవై మందికి, 60 రోజులకు పంచితే రోజుకు అర పౌను, అంటే 225 గ్రాములు. వెయ్యి కేలరీల లోపే. నీళ్లు మనిషికి రోజుకు అర పైంటు, పావు లీటరు కూడా నిండదు.

బయల్దేరిన తొలి రోజుల్లోనే ఒక అల చేజ్ పడవలోకి వచ్చి బిస్కెట్టును తడిపేసింది. ఎండలో ఆరబెట్టారు. నీరు ఆరింది, ఉప్పు ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంది. పాడైనదాన్ని ముందు తినేసి మంచిదాన్ని దాచుకుందాం అనుకున్నారు. ఇల్లాలు వంటింట్లో చేసే పనే, ఎవరైనా అలాగే చేస్తారు. కానీ దాహం ఉన్న ఒంటికి అది విషం. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన మూత్రపిండాలు మూత్రాన్ని అంత చిక్కగా చేయలేవు. తిన్న ఉప్పును బయటికి పంపడానికి ఒంట్లో ఉన్న మంచినీళ్లనే వాడేస్తాయి. అంటే ఆ బిస్కెట్టు తిన్న ప్రతిసారీ ఒంట్లో నీళ్లు తగ్గుతున్నాయి.

తాబేలు మాంసం, కొవ్వు ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఉప్పు తక్కువ, తడి ఎక్కువ. తాబేలును కోసినప్పుడు కొందరు రక్తం కూడా తాగారు. చాలామంది అసహ్యించుకుంటారు కానీ, ఆ స్థితిలో బిస్కెట్టు కన్నా అది మేలు. వాన వచ్చినప్పుడు తెరచాప పరిచి నీళ్లు పట్టారు, అవి ఉప్పగా వచ్చాయి. ఎందుకు? తెరగుడ్డంతా అలల తుంపర ఎండి ఉప్పు పేరుకుని ఉంది. అందుకే మొదట వచ్చిన వానతో గుడ్డను కడిగి పారబోసి, తర్వాత పట్టాలి. కానీ ఆ వాన మరో పది నిముషాలు ఉంటుందని ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు నాకు చాలా ముఖ్యమనిపించే లెక్క ఒకటి. జాగ్రత్తగా వినండి. మూడు పడవల్లో కలిపి 195 గ్యాలన్లు, అంటే 740 లీటర్ల దాకా. ఇరవై మందికి పంచితే మనిషికి 37 లీటర్లు. 60 రోజులకు వేస్తే రోజుకు ఎంత? 600 మిల్లీలీటర్లు! వాళ్లు తాగింది ఎంత? 240 కూడా లేదు. పీపాలు కారాయనుకుందాం, పావువంతు పోయిందనుకుందాం. అయినా 450 వస్తుంది. ఆ ఎండలో కదలకుండా కూర్చున్నా ఒంట్లోంచి రోజుకు లీటరుకు తక్కువ పోదు. అంటే బిస్కెట్టుకు సరిపడే లెక్కను నీళ్లకూ వేసి, పీపాలో నీళ్లుండగానే మనుషుల్ని ఎండబెట్టారు. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు ఉండొచ్చు. ప్రయాణం ఎన్నాళ్లు పడుతుందో తెలియనివాడికి పొదుపు చేయాలనే అనిపిస్తుంది. కానీ ఎండిపోయిన మనిషి తెర సవరించలేడు, పడవలోకి వచ్చిన నీళ్లు తోడలేడు.

ఇంకో విషయం. ఒళ్లు చల్లబడుతుందని కొందరు పడవ అంచు పట్టుకుని నీళ్లలో వేలాడారు. అప్పుడు పడవ అడుగున గుల్లలు పట్టి ఉండడం కనబడింది. గీకి తిన్నారు. మంచి తిండి దొరికింది. కానీ నీళ్లలో దిగినవాళ్లలో కొందరికి తిరిగి పడవెక్కే శక్తి లేదు. పైన ఉన్నవాళ్లు లాగాల్సి వచ్చింది. అప్పటికి ఇంకా హెండర్సన్ కూడా రాలేదు.

హెండర్సన్‌లో వారం రోజులు. పక్షులు, గుడ్లు, పీతలు, కాస్త ఆకుకూర. ఇరవై మంది ఆకలి మీద పడితే అది ఎన్నాళ్లు వస్తుంది? మంచినీటి ఊట ఒకటి దొరికింది. అది కూడా పోటు గీతకు కింద, సముద్రం తీసినప్పుడు అరగంటసేపు మాత్రమే బయటపడేది. పరిగెత్తి పీపాలు నింపుకున్నారు. డిసెంబర్ 27న పడవలు మళ్లీ కదిలాయి. ముగ్గురు మాత్రం మేం ఇక్కడే ఉంటాం అన్నారు. చాపెల్, వీక్స్, రైట్. తర్వాత ఆ ఊట మళ్లీ బయటపడలేదు, రాళ్ల గుంటల్లో నిలిచిన వాననీటి మీద బతికారు. అయినా ముగ్గురూ బతికారు. గమనించారా?

రేఖాంశం తెలియకపోతే

అక్షాంశం కనుక్కోవడానికి క్వాడ్రంటు, మధ్యాహ్నం సూర్యుడు, పట్టికలు చాలు. అది వాళ్ల దగ్గర ఉంది. రేఖాంశానికి కచ్చితమైన గడియారం, క్రోనోమీటర్ కావాలి. అది లేదు. రెండో దారి, వేగాన్ని దిక్కును కట్టి అంచనా వేయడం. దానికి వేగం కొలిచే ముడుల తాడు, ఇసుక గడియారం కావాలి. పడవల్లో అవీ లేవు. ఇక మిగిలింది కంటి అంచనా.

ఫలితం? హెండర్సన్‌ను డ్యూసీ ద్వీపం అనుకున్నారు. రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, తేడా అంతా రేఖాంశంలోనే. డ్యూసీ తూర్పున దాదాపు 190 మైళ్ల దూరంలో ఉంది. దీనివల్ల రెండు జరిగాయి. మొదటిది, హెండర్సన్‌కు నైరుతిగా కేవలం వంద మైళ్ల చిల్లరలో పిట్‌కేర్న్ ద్వీపం ఉంది. అక్కడ బౌంటీ ఓడ తిరుగుబాటుదారుల కుటుంబాలు ఉన్నాయి, పంటలు, నీళ్లు, మేకలు ఉన్నాయి. గాలి వెనకనుంచి ఉంటే రెండు మూడు రోజులు. 1808లో ఆ ఊరిని బయటి ప్రపంచానికి చెప్పిన కెప్టెన్ మేహ్యూ ఫోల్గర్ ఎవరో తెలుసా? నాంటకెట్‌వాడే! వీళ్ల ఊరివాడే. వీళ్లు మాత్రం వెయ్యి మైళ్ల పైన ఉన్న ఈస్టర్ ద్వీపం కోసం తూర్పుకు తిరిగారు, గాలి దక్షిణంగా తోసేస్తే దాన్నీ తప్పిపోయారు. రెండోది, ఆ ముగ్గురి కోసం సర్రీ అనే ఓడ కెప్టెన్ రైన్ 1821 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు, పడవల్లో బయటపడ్డవాళ్లు చెప్పిన ప్రకారం మొదట డ్యూసీకే పోయాడు. అక్కడ ఎవరూ లేరు. మనిషి ఆలోచించి పడమటికి వచ్చి హెండర్సన్ కూడా చూశాడు కాబట్టి సరిపోయింది.

తర్వాత జరిగింది మీరందరూ ఎదురుచూస్తున్న భాగం. నేను దాన్ని సాగదీయను. జనవరి 10న జాయ్ చనిపోయాడు. అతని పడవ ఓబెడ్ హెండ్రిక్స్ చేతికి వచ్చింది. 12వ తేదీ రాత్రి ఈదురుగాలిలో చేజ్ పడవ విడిపోయింది. జనవరి 20 నుంచి మిగిలిన రెండు పడవల్లో ఒకరి తర్వాత ఒకరు పోయారు, బతికున్నవాళ్లు ఆ శరీరాలను తిన్నారు. నెలాఖరుకు హెండ్రిక్స్ పడవ కూడా చీకట్లో విడిపోయింది. అందులో దిక్సూచి లేదు, క్వాడ్రంటు లేదు. అందులోనే బాండ్ ఉన్నాడు. ఆ పడవ మళ్లీ కనబడలేదు. ఫిబ్రవరి మొదట్లో పొలార్డ్ పడవలో మిగతావాళ్ల కోసం ఎవరు చావాలో చీటీలు తీశారు. కెప్టెన్ దగ్గరి బంధువు ఓవెన్ కాఫిన్‌కు వచ్చింది. కుర్రవాడు. అంతే, దీని మీద ఇంకేం చెప్పను.

ఒక్కటి మాత్రం చెప్పి తీరాలి. పడవల్లో ఆరుగురు నల్లజాతి నావికులు ఉన్నారు. ఒక్కరు కూడా బతకలేదు. మొదట తినబడినవాళ్లూ వాళ్లే. వాళ్లను చంపారని ఆధారం లేదు. కానీ ఓడ ముందుభాగంలో ఉండే నావికులకు, కెప్టెన్ వైపు ఉండేవాళ్లకు పెట్టే తిండి ఒకటి కాదు. పడవలోకి దిగిన రోజున ఒంట్లో కొవ్వు ఎవరికి ఎంత ఉందన్నది అప్పటికే నిర్ణయమైపోయింది.

ఫిబ్రవరి 18న ఇండియన్ అనే ఇంగ్లీషు ఓడ చేజ్, నికర్సన్, లారెన్స్‌లను ఎత్తుకుంది. 23న నాంటకెట్‌దే అయిన డాఫిన్ అనే ఓడకు చిలీ తీరం దగ్గర పొలార్డ్, రామ్స్‌డెల్ దొరికారు. 90 రోజులు ఒకరికి, 95 రోజులు ఇంకొకరికి.

ఇంత చెప్పాక పక్కన ఒక లెక్క పెట్టకపోతే అన్యాయం. 1789లో తిరుగుబాటుదారులు ఓడ నుంచి పడవలోకి దించేసిన బౌంటీ కెప్టెన్ బ్లై, అతనితో కలిపి 19 మంది, 23 అడుగుల పడవ. బిస్కెట్టు 150 పౌన్లు, నీళ్లు 28 గ్యాలన్లు. మనిషికి లెక్కేస్తే ఎసెక్స్ వాళ్ల బిస్కెట్టులో పావువంతు, నీళ్లలో ఆరోవంతు. టోఫువా ద్వీపంలో జరిగిన దాడిలో ఒకడు పోయాడు. ఆ తర్వాత సముద్రంలో ఒక్కరు కూడా చావలేదు. 3,618 మైళ్లు నడిపి తిమోర్ చేరారు. ఎలా? బ్లై గొప్ప నావికుడు, కాదనలేం. కానీ అతను వ్యాపార పవనాన్ని వెనక పెట్టుకుని పడమటికి పోయాడు. దారంతా వానలు. అతనికి దాహం కన్నా చలే పెద్ద బాధ. తడిసిన బట్టల్ని సముద్రపు నీటిలో ముంచి పిండి కట్టుకోమన్నాడు, వాననీటి కన్నా అది వెచ్చగా ఉంటుందని. అదే గాలి ఎసెక్స్ వాళ్లకూ ఉంది. వాళ్లు దానికి ఎదురు తిరిగారు.

1851లో ఆన్ అలెగ్జాండర్ అనే వేట ఓడను కూడా తిమింగలం గుద్ది ముంచింది. ఆ మనుషుల్ని రెండు రోజుల్లో ఇంకో ఓడ ఎత్తుకుంది. ముప్పై ఏళ్లలో ఆ జలాల్లో వేట ఓడలు పెరిగాయి మరి.

ఆఖరుగా నేటి నిబంధనల గురించి ఒక మాట. ఇవాళ ఓడల లైఫ్‌బోట్‌లో మనిషికి మూడు లీటర్ల నీళ్లు, పది వేల కిలోజౌళ్ల తిండి ఉండాలని అంతర్జాతీయ నియమం. గాలి నింపే రాఫ్ట్‌లో అయితే లీటరున్నర. ఎసెక్స్ వాళ్ల 37 లీటర్ల పక్కన ఇది ఏపాటి? ఎందుకంటే ఈ లెక్క మీరు ఎటూ పోరని అనుకుని వేసింది. ఉపగ్రహానికి సంకేతం పంపే బీకన్ ఉంది, పొగ డబ్బాలు, రాకెట్ మంటలు ఉన్నాయి. తేలే లంగరు వేసి, మునిగిన చోటికి వీలైనంత దగ్గరగా ఉండాలి. మొదటి 24 గంటలు గాయపడ్డవాళ్లకు తప్ప నీళ్లు ఇవ్వరు, ఆ తర్వాత మనిషికి రోజుకు అర లీటరు. తిండి కన్నా నీళ్లు ముందు. నీళ్లు లేకపోతే తిండి, ముఖ్యంగా మాంసం చేపలు, అసలు పెట్టరు. ఎందుకంటే దాన్ని అరిగించుకోవడానికీ, అందులోంచి వచ్చే యూరియాను బయటికి పంపడానికీ ఒంట్లో నీళ్లే కావాలి.

సరే, మ్యాపు ఇక్కడే ఉంచుతాను. దగ్గరికి వచ్చి చూడండి, ప్రశ్నలు అడగండి.